ఏనుగును కొనవచ్చు, మేపగలమా?

*ఒకనాటి గొప్పవారి వాహనం ఇరవై ఏళ్లు తిరిగేసరికి సామాన్యుడికీ అందుబాటులోకి వస్తుంది. కాని దాన్ని పోషించే ఖర్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పోర్షె 944 టర్బో చెప్పే పాఠం ఇదే.*

అంగుళం వెడల్పున్న రబ్బరు బెల్టు అది. లోపలి అంచున రంపానికి ఉన్నట్టు పళ్లుంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. పోర్షె 944 టర్బో అనే స్పోర్ట్స్ కారు విడిభాగాలన్నిటిలో చౌకగా దొరికే వాటిలో అదొకటి. అయితే, కారు పరుగెత్తుతున్నప్పుడు ఆ బెల్టు తెగిందంటే, కన్నుమూసి తెరిచేలోగా ఇంజను లోపల వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. యజమానికి వినబడేది ఒక చిన్న చప్పుడు. ఆ తరువాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఖరీదు వేల డాలర్లు.

ఈ ఇంజనులో పిస్టను పైకి వచ్చే చోటులోకే వాల్వు కూడా కిందికి దిగుతుంది. ఒకే గదిని ఇద్దరు వేళలు పంచుకొని వాడుకుంటున్నట్టన్నమాట. ఆ వేళలు తప్పకుండా చూసే బాధ్యత బెల్టుది. అది తెగితే ఇద్దరూ ఒకేసారి గదిలోకి వస్తారు. ఫలితం ఊహించవచ్చు.

పాత టర్బో స్పోర్ట్స్ కారు కొనాలని ఉవ్విళ్లూరే ప్రతి వ్యక్తీ మొదట తెలుసుకోవలసిన సంగతి ఈ బెల్టు కథలోనే ఉంది. "ఈ కారు నమ్మదగినదేనా?" అని అందరూ అడుగుతారు. "దీన్ని ఇంతకాలం పోషించినవారు నమ్మదగినవారేనా?" అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

పొగలోంచి శక్తి

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో పెద్ద భాగం పొగతోపాటు వెనుక గొట్టం గుండా వృథాగా పోతుంది. ఆ పొగ వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రం సాయంతో ఇంజనులోకి మరింత గాలిని బలవంతంగా ఎక్కిస్తే ఎలా ఉంటుంది? స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి ఈ ఊహకు 1905లోనే పేటెంటు పొందాడు. 1920ల నాటికి ఆ యంత్రం ఓడల డీజిల్ ఇంజన్లకు చేరింది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది. ఇంధనం ఎక్కువ మండితే చిన్న ఇంజనే పెద్ద ఇంజను పని చేస్తుంది. టర్బోచార్జరు రహస్యమంతా ఇంతే.

మామూలు కారులో దాన్ని ఇమడ్చడం మాత్రం అంత సులువు కాలేదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ సంస్థ జెట్‌ఫైర్ అనే టర్బో కారును విడుదల చేసింది. దాని ఇంజను అదుపు తప్పి మండకుండా ఉండాలంటే నీరు, మిథనాల్ కలిపిన ఒక ద్రవాన్ని యజమాని ఎప్పటికప్పుడు ప్రత్యేకమైన తొట్టిలో పోస్తుండాలి. చాలామంది ఆ సంగతి మరిచిపోయారు. తొట్టి ఎండిపోతే కారు బలం తగ్గిపోయేది. విసిగిపోయిన యజమానులలో పలువురు చివరకు టర్బోనే పీకించి వేయించారు. కొద్దికాలానికే ఆ నమూనా కనుమరుగైంది. యంత్రం యజమాని నుంచి కొంత శ్రద్ధను కోరింది, యజమాని ఇవ్వలేకపోయాడు. టర్బో కార్ల చరిత్ర తొలి పుటలోనే ఈ కథ ఉండడం గమనించదగిన విషయం.

ఆ తరువాత ఈ విద్యలో ఆరితేరిన సంస్థలలో పోర్షె ముఖ్యమైనది. 1972, 1973 సంవత్సరాలలో ఉత్తర అమెరికాలో జరిగిన కాన్-యామ్ పందేలలో దాని టర్బో కార్లు విజేతలుగా నిలిచాయి. 1974లో పారిస్ ప్రదర్శనలో 911 టర్బో ప్రజల ముందుకు వచ్చింది. 1985లో, ఇంజను ముందువైపు ఉన్న 944 నమూనాకు కూడా టర్బో అమర్చారు. రెండున్నర లీటర్ల ఇంజను. సిలిండర్లు నాలుగే. అయినా 220 అశ్వశక్తి. గంటకు 245 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. ఆ రోజుల్లో నాలుగు సిలిండర్ల కారుకు అది అబ్బురమైన సామర్థ్యం. 1988లో వచ్చిన టర్బో ఎస్ నమూనాలో అది 250 అశ్వశక్తికి పెరిగింది. 1991లో ఈ కారు ఉత్పత్తి ఆగిపోయింది.

అంటే ఇప్పుడు లోకంలో ఉన్న 944 టర్బోలలో అతి చిన్నదానికి కూడా మూడు పదులు దాటాయి.

పుట్టుకతో గట్టిదే

ఈ కారును బలహీనమైనదని ఎవరైనా అంటే అది అన్యాయం. 1981లో ఫ్రాన్సులో జరిగే ప్రసిద్ధమైన లె మాన్స్ 24 గంటల పందెంలో, ఈ ఇంజనుకు మాతృక అనదగిన నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనుతో ఒక కారు దిగింది. వాల్టర్ రోర్ల్, యుర్గెన్ బార్త్ దాన్ని నడిపారు. ఒక పగలు, ఒక రాత్రి ఏకధాటిగా పరుగెత్తి అది ఏడో స్థానంలో నిలిచింది. 1986లో జర్మనీలో కేవలం 944 టర్బోల కోసమే ఒక పందేల పరంపర మొదలైంది. అందులో పాల్గొన్న కార్లకూ రోడ్డు మీద అమ్మిన కార్లకూ పెద్ద తేడా లేదు.

నిర్మాణంలోనూ జాగ్రత్తకు లోటు చేయలేదు. కారు ఉక్కు దేహానికి రెండువైపులా జింకు పూత పూశారు. అందువల్ల ఆ కాలపు ఇతర కార్లు తుప్పుపట్టి మట్టిలో కలిసిపోయినా ఇవి చాలావరకు నిలిచాయి. ఇంజనును ముందు, గేర్‌బాక్సును వెనుక అమర్చడంతో బరువు రెండు ఇరుసుల మీదా దాదాపు సమంగా పడుతుంది. మలుపులలో ఈ కారు ఒద్దికను మెచ్చుకోని విమర్శకుడు లేడు.

టర్బోకు ప్రధాన శత్రువైన వేడి విషయంలో ఇంజనీర్లు మరింత శ్రద్ధ తీసుకున్నారు. పెట్రోలు ఇంజను పొగ 900 డిగ్రీల సెల్సియస్ దాటి కూడా వేడెక్కుతుంది. ఆ వేడిలో టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ చక్రపు ఇరుసు ఒక పలుచని నూనె పొర మీద తేలుతూ ఉంటుంది. వేగంగా నడిపి వచ్చి వెంటనే ఇంజను ఆపేస్తే నూనె ప్రవాహం ఆగుతుంది. బేరింగులో మిగిలిన నూనె మాడి, మూకుడు అడుగున అంటుకున్న మసిలా గట్టిపడుతుంది. తొలినాటి టర్బోలెన్నో ఇలాగే పాడైపోయాయి. దీనికి విరుగుడుగా 944 టర్బోలో బేరింగు చుట్టూ నీరు ప్రవహించే ఏర్పాటు చేశారు. తాళంచెవి తీసిన తరువాత కూడా ఒక చిన్న విద్యుత్ పంపు ఆ నీటిని కొంతసేపు తిప్పుతూనే ఉంటుంది.

ఇంత పకడ్బందీగా తయారైన కారు యజమానులను ఎందుకు ఏడిపిస్తుంది?

దూరం కాదు, కాలం

కారు అరుగుదలను అందరూ కిలోమీటర్లలో లెక్కిస్తారు. పాత కారు విషయంలో ఆ లెక్క సగమే నిజం. రబ్బరుకు కిలోమీటర్లు తెలియవు, ఏళ్లే తెలుసు. షెడ్డులో గుడ్డ కప్పి భద్రంగా దాచిన కారులో కూడా బెల్టులు పెళుసెక్కుతాయి, గొట్టాలు పగుళ్లు బారుతాయి, సీళ్లు ఎండిపోతాయి. ముప్పై ఏళ్లలో 40 వేల కిలోమీటర్లే తిరిగిందని ప్రకటనలో మురిపెంగా రాసిన కారు, ఏటా క్రమంగా తిరుగుతూ మరమ్మతులు చేయించుకున్న కారుకంటే ప్రమాదకరం కావచ్చు.

బెల్టునే తీసుకోండి. అనుభవమున్న మెకానిక్కులు దాన్ని నాలుగైదేళ్లకు ఒకసారి, లేదా దాదాపు 50 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటారు. ఏది ముందైతే అది. పక్కనే మరో బెల్టు ఉంటుంది. ఇంజను అదురును అణచడానికి అమర్చిన రెండు సమతుల్య షాఫ్టులను అది తిప్పుతుంది. అది తెగి మొదటి బెల్టులో చిక్కుకున్నా ప్రమాదమే. కాబట్టి రెండింటినీ, వాటిని నడిపే రోలర్లనూ, దారిలోనే ఉన్న నీటి పంపునూ ఒకేసారి చూసుకోవడం తెలివైన పని. కొత్త బెల్టు కొంత సాగుతుంది కనుక కొన్ని వేల కిలోమీటర్ల తరువాత దాని బిగువును మళ్లీ సరిచూడాలి. మొత్తం పనికి అమెరికాలో వెయ్యి డాలర్లు దాటడం మామూలే. బెల్టు వెల అందులో చాలా స్వల్పం. మిగిలినదంతా తక్కిన భాగాల ఖరీదు, పనివాడి కూలి.

క్లచ్ మరో ఉదాహరణ. సాధారణ కారులో గేర్‌బాక్సు దించితే క్లచ్ కనబడుతుంది. ఈ కారులో గేర్‌బాక్సు వెనుక ఉంది, క్లచ్ ముందు ఉంది. రెండింటినీ కలుపుతూ కారు నడుము పొడవునా ఒక ఉక్కు గొట్టం, అందులో తిరిగే షాఫ్టు ఉన్నాయి. క్లచ్‌ను చేరాలంటే పొగ గొట్టం విప్పాలి, గేర్‌బాక్సు దించాలి, నడిమి గొట్టాన్ని వెనక్కు జరపాలి. మలుపులలో మెప్పు తెచ్చిన ఏర్పాటే మరమ్మతులో బిల్లు తెస్తుంది. పైగా మొదట అమర్చిన క్లచ్ పళ్లెం నడుమ రబ్బరు ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది చిట్లిపోతుంది. భాగాలూ కూలీ కలిపితే రెండు వేల డాలర్లు దాటే పని ఇది.

ఇంకా ఉన్నాయి. సిలిండరు తల గాస్కెట్టు పోతే నూనె, నీరు కలిసిపోయి నీటి తొట్టిలో మీగడలాంటి జిడ్డు తేలుతుంది. ముందు చక్రాలను పట్టి ఉంచే అల్యూమినియం చేతుల కీళ్లు అరుగుతాయి. ఇంజనును మోసే దిమ్మలు కుంగుతాయి. గాలిని మోసే సన్నని రబ్బరు గొట్టాలలో ఎక్కడో చిన్న చీలిక వచ్చి టర్బో బలం సగానికి పడిపోతుంది. ఆ చీలిక ఎక్కడుందో వెదకడానికే ఒక పూట పడుతుంది.

అన్నిటిలో చిత్రమైనది ఇంజను కంప్యూటరుకూ పెట్రోలు పంపుకూ కరెంటునందించే ఒక రిలే. అగ్గిపెట్టెంత ఉండే ఈ భాగం లోపలి టంకం అతుకులు ఏళ్ల తరబడి వేడికీ అదురుకూ పగులుతాయి. అప్పుడు నిక్షేపంలా నడుస్తున్న కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కాసేపటికి చల్లబడి, ఏమీ జరగనట్టు మళ్లీ కదులుతుంది. కారణం తెలియని యజమాని పంపు మార్పిస్తాడు, కంప్యూటరు మార్పిస్తాడు, డబ్బు తగలేస్తాడు. తెలిసిన యజమాని ఒక కొత్త రిలేను కారులోనే దాచుకుంటాడు. ఈ కారును పోషించడంలో తెలివికి ఎంత విలువ ఉందో ఈ ఒక్క భాగం చెబుతుంది.

ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

1986లో అమెరికాలో ఈ కారు వెల దాదాపు 30 వేల డాలర్లు. ఆనాడు దాన్ని కొన్నవాడు బిల్లు చూసి బెదిరేవాడు కాడు. తరువాత కారు చేతులు మారింది. వెల తగ్గుతూ వచ్చింది. 2000 తరువాత కొన్నేళ్లపాటు పది వేల డాలర్ల లోపే ఇవి విరివిగా దొరికేవి. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. కారు ధర మూడో వంతుకు పడిపోయింది కాని విడిభాగాల ధర పడిపోలేదు, పనివాడి కూలి పెరిగింది. పది వేలు కూడబెట్టి కారు కొన్న యువకుడి దగ్గర పదకొండో వెయ్యి లేదు. బెల్టు మార్చే పని వచ్చే ఏటికి వాయిదా పడింది. క్లచ్ జారుతున్నా నడిపాడు. చివరకు దాన్ని మరింత తక్కువ ధరకు, మరింత తక్కువ డబ్బున్న మరొకరికి అమ్మాడు. మంచి కారు చెడ్డ కారుగా మారే క్రమం ఇది. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెతకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

దీనికి తోడు మరో దురాశ. కంప్యూటరులోని చిప్పు మార్చి, టర్బో ఒత్తిడి పెంచితే ఇంకా ఎక్కువ అశ్వశక్తి చౌకగా వస్తుంది. ఈ ఇంజను కొంతవరకు తట్టుకుంటుంది కూడా. అయితే గొట్టాలు, గాస్కెట్లు, పెట్రోలు సరఫరా సరిగ్గా ఉన్నాయో లేదో చూడకుండా ఒత్తిడి పెంచినవారు అనేకులు సిలిండరు తల గాస్కెట్టును కాల్చుకున్నారు.

ఇటీవలి సంవత్సరాలలో బాగా ఉన్న 944 టర్బోల ధరలు మళ్లీ పెరిగాయి. దానివల్ల ఒక మేలు జరిగింది. విలువ ఉంది కనుక యజమానులు మరమ్మతుకు వెనుకాడడం తగ్గింది. ఒక కీడూ జరిగింది. పైపై రంగులు పూసి, లోపలి లోపాలు కప్పిపుచ్చి అమ్మేవారికి ఆశ పెరిగింది.

కొనేముందు

అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట ఒక్కటే: కారును చూసేముందు కాగితాలు చూడండి. బెల్టులు ఏ సంవత్సరంలో, ఎన్ని కిలోమీటర్ల వద్ద మార్చారో తెలిపే రసీదు ఉందా? లేకపోతే మార్చలేదనే భావించి, ఆ ఖర్చును బేరంలో తగ్గించుకొని, ఇంటికి నడిపించుకొని రాకుండా లారీలో ఎక్కించి నేరుగా మెకానిక్ దగ్గరకు చేర్చడం ఉత్తమం.

ఆ తరువాత, చల్లగా ఉన్న ఇంజనును మీ ఎదుటే స్టార్టు చేయమనండి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను చాలా రహస్యాలు దాచగలదు. నీటి తొట్టి మూత తీసి జిడ్డు తేలుతోందేమో చూడండి. వెనుక గొట్టం నుంచి నీలిపొగ విడవకుండా వస్తుంటే టర్బో సీళ్లను గాని, ఇంజనును గాని అనుమానించాలి. తలుపుల కింది అంచులను తట్టి చూడండి. జింకు పూత ఉన్నా తుప్పు మొదట తలదాచుకునే చోటు అది. ఈ కారు గురించి బాగా తెలిసిన మెకానిక్‌కు రుసుము చెల్లించి పరీక్ష చేయించండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడం తగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, కారు ధర చెల్లించిన తరువాత మీ చేతిలో ఎంత మిగిలిందన్నది. తొలి ఏడాది మరమ్మతులకు కారు ధరలో నాలుగో వంతయినా విడిగా ఉంచుకోలేనివారు ఈ కోరికను కొంతకాలం వాయిదా వేయడం మంచిది. తక్కువ ధరకు దొరికిన నిర్లక్ష్యపు కారుకంటే, ఎక్కువ ధర పెట్టి కొన్న శ్రద్ధగల యజమాని కారు చివరకు చౌకగా తేలుతుంది. కారణం సులభం. ఆ బిల్లులు ముందటి యజమానే చెల్లించి ఉంటాడు.

కొన్న తరువాత

పోషణ సూత్రాలు కొద్దివే. ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా టర్బోకు పని చెప్పకూడదు. వేగంగా నడిపిన తరువాత చివరి కొద్ది కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఒకటి రెండు నిమిషాలు ఇంజనును అలాగే తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. పంపు ఉంది కదా అని ఆ సహనాన్ని వదులుకోనక్కరలేదు. మంచి నూనె వాడాలి, గడువుకు ముందే మార్చాలి. కారును నెలల తరబడి నిలబెట్టి ఉంచకూడదు. చిన్న లోపాన్ని చిన్నదిగా ఉన్నప్పుడే సరిదిద్దాలి.

ఇవన్నీ పాటించే యజమానుల చేతిలో ఈ కార్లు రెండు లక్షల కిలోమీటర్లు దాటి కూడా హాయిగా నడుస్తున్నాయి. అదే కారు, అదే ఇంజను, అదే కర్మాగారం. తేడా అంతా పెంపకంలో ఉంది.

మన దేశంలోకి మూడేళ్లు దాటిన పాత కార్ల దిగుమతికి సాధారణంగా అనుమతి లేదు. అందువల్ల 944 టర్బో మన రోడ్ల మీద కనబడడం అరుదు. కాని ఆ కారు నేర్పే పాఠం మనకు దూరమైనదేమీ కాదు. ఒకప్పుడు లారీలకు, బస్సులకు పరిమితమైన టర్బో నేడు మన చిన్న కార్లలోకీ వచ్చేసింది. అవి కూడా చేతులు మారుతున్నాయి. విజయవాడలోనో వరంగల్లులోనో పాత టర్బో కారు ముందు నిలబడిన కొనుగోలుదారు వేయవలసిన ప్రశ్నలు కూడా ఇవే: నూనె ఎప్పుడు మార్చారు? రసీదులు ఏవి? బెల్టు ఉన్న ఇంజనైతే, ఆ బెల్టు వయసెంత?

అమ్మేవాడు ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, సొరుగు లాగి కాగితాల కట్ట బయటికి తీశాడంటే ఆ కారును మరికాస్త దగ్గరగా చూడవచ్చు. "అదంతా ఎందుకండీ, బండి కండిషన్‌లో ఉంది" అన్నాడంటే, నమస్కారం పెట్టి ఇంటిదారి పట్టడమే లాభసాటి బేరం.